తుపాకీ గొట్టం మీద పావలా బిళ్ళ

మిత్రులారా, ఈ రోజు నంద్యాలలో రైఫిల్ పోటీ గెలిచిన నా బంగారుతల్లి రేవతి, కాల్చిన తూటా ఖాళీ గొట్టం ఒకటి నా అరచేతిలో పెట్టింది. ఆ తుపాకీ మందు వాసన చూడగానే పాత రోజులు గుర్తొచ్చాయి.

ఆళ్ళగడ్డ బడిలో నాతో కవాతు చేసినవాళ్ళకు గుర్తుందా? పెద్ద రైఫిల్ భుజం మీద తన్నుతుందని నేను కళ్ళు మూసుకొని కాల్చేవాడిని. ఇక నన్ను దళంలోంచి తీసేస్తారనుకున్నాను. కవాతు నేర్పే ఉస్తాద్ నా చేతికి సన్న తూటాల పాయింట్ టూటూ రైఫిల్ ఇచ్చాడు.

"ఇది తన్నదప్పా. తూటా గూడా అగ్గువ. అయినా ముందు తూటా లేకుండా వట్టిదే నొక్కు."

తుపాకీ గొట్టం మీద పావలా బిళ్ళ పెట్టాడు. అది పడకుండా ట్రిగ్గర్ నొక్కాలి. వారమంతా పడుతూనే ఉంది.

"ఏందప్పా, చలిజ్వరమా? బిళ్ళ గూడా వణుకుతాండాది" అని మీరే నవ్వారు.

ఎనిమిదో రోజు బిళ్ళ కదల్లేదు. అప్పుడు ఐదు తూటాలిచ్చాడు. కళ్ళు తెరిచే కాల్చాను. ఉస్తాద్ గురి అట్ట దగ్గరికి పోయి, ఐదు చిల్లులనూ వేలితో తడిమి చూశాడు.

"రేపు గూడా రా" అన్నాడు.

ఆ సాయంత్రం సంబరంలో ఇంటికి ఎట్లా నడిచానో ఇప్పటికీ తెలియదు.