చిన్నమ్మ చదివిన ఆకాశం

వానాకాలంలో రంగూన్ పబేడాన్ వీధుల్లో నడుస్తుంటే, టార్పాలిన్ పట్టా కింద పేర్చిన పాత పుస్తకాల నుంచి తడి కాగితం వాసన వస్తుంది. ఎంత పనిలో ఉన్నా నా కాళ్లు అక్కడ ఆగిపోతాయి, ఆ వెంటనే మనసులో ముల్లు గుచ్చుకుంటుంది.

మా ఇల్లు ఆ ఊరి శివారు ఇన్సేన్‌లో, రైల్వే వర్క్‌షాపు పనివాళ్ల వరస ఇళ్లలో ఉండేది. సైనిక ప్రభుత్వం వచ్చాక మా తెలుగు బడి మూతపడింది, ఇండియా నుంచి పుస్తకాలు రావడం ఆగిపోయింది. మా వరసలో మిగిలిన ఒకే ఒక నవలను ఆదివారం మధ్యాహ్నాలు చిన్నమ్మ పైకి చదివితే, చదువురాని ఆడవాళ్లంతా మర్నాడు కాచే బర్మా మొహింగా చారుకు చేపల్లో ముళ్లు ఏరుతూనో, చింతపండులో పిక్కలు తీస్తూనో మా అరుగు మీద చేరి వినేవారు. కొండల్లో పెరిగే ఒక పిల్ల కథ అది. బయట కుండపోతగా వాన కురుస్తుంటే చిన్నమ్మ గొంతులో అడవులు, వాగులు, వేసవి రాత్రి ఆకాశం నిండా చుక్కలు. గంజాం నుంచి వచ్చిన సూరమ్మ మామ్మ నోట్లో వక్క నమలడం కూడా మరిచిపోయి, "ఆ పిల్లకి బయ్యం నేదేటే?" అని అడిగేది.

నాకప్పుడు పదేళ్లు. గుడిలో పూజారిగారి దగ్గర కొత్తగా తెలుగు అక్షరాలు నేర్చుకుని, ఎవరు దొరికితే వాళ్ల ముందు చదివి చూపించి మెప్పు కొట్టేసే రోజులు. ఒక ఆదివారం చిన్నమ్మ భుజం మీంచి పుస్తకంలోకి తొంగి చూశాను. కథలో ఆ పిల్ల ఒంటరిగా కొండెక్కి, చుక్కల గుర్తుతో దారి వెతుక్కుంటోంది. చిన్నమ్మ చేతిలో మాత్రం ఎప్పుడో అయిపోయిన మొదటి అధ్యాయమే తెరిచి ఉంది. చివరి సగాన్ని చెదలు తినేశాయి.

"చిన్నమ్మా, చుక్కల మాట ఇక్కడ నేదు కదా! నువ్వే కల్పించి సెప్తన్నావు!"

శభాష్ అంటారనుకున్నాను. రంగూన్ దాటి ఏనాడూ వెళ్లని, కొండన్నదే చూడని చిన్నమ్మ మెల్లగా పుస్తకం మూసింది.

"మరి ఆ పిల్ల కొండ దిగిందా, నేదా?" అంది మామ్మ.

"నాకేటి తెలుసు మామ్మా, పుస్తకంలో నేదంట కదా," అని చిన్నమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత నేను ఏడ్చి బతిమాలినా ఆ కథ ఎత్తలేదు. నన్ను తిట్టినా బాగుండేది.

ఇప్పుడా వరస ఇళ్లు లేవు, ఆ అరుగులు లేవు, చిన్నమ్మా లేదు. ఆమె పోయాక విశాఖ చుట్టాల చేత ఆ నవల పూర్తి ప్రతి తెప్పించుకుని చదివాను. అందులో ఆ పిల్ల కొండ ఎక్కనే ఎక్కదు; పెళ్లి చేసుకుని పట్నం వెళ్లిపోతుంది. కొండెక్కిన పిల్ల చిన్నమ్మది. ఆ పిల్ల ఎలా దిగిందో తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే ఉండేది, ఆ ఒక్కతి నోరు మూయించింది నేను.