నల్లంగీ పాస్టరుగారు

ఆసుపత్రిలో పన్నెండు గంటలు నర్సు డ్యూటీ చేసినా పీకని కాళ్లు, ఆక్స్‌ఫర్డ్ రాళ్ల వీధుల్లో రెండు గంటలకే మొరాయించాయి. అసలు బాధ కాళ్లది కాదని నాకు తెలుసు. మా అమ్మాయి వచ్చే ఏడాది ఇక్కడ చేరిందంటే ఐర్లండ్‌లో, కార్క్ పక్కన బాలింకాలిగ్‌లో మా ఇల్లు బోసిపోతుంది. వద్దనడానికి నోరు రాలేదు. పిల్ల తెలివైనదని స్కూల్లో చెప్పగానే ఆదివారం ఆరాధనలో లేచి ప్రార్థన విన్నపం పెట్టింది నేనే మరి. ఆరు నెలలుగా సంఘమంతా దాని సీటు కోసం ప్రార్థిస్తోంది. ఆమెన్ అనేటప్పుడు నేనొక్కదాన్నే గొంతు తగ్గించేదాన్ని.

చేరాలనుకునే పిల్లల్ని వచ్చి చూసుకోమని కాలేజీలన్నీ తలుపులు తెరిచిన రోజది. అమ్మాయి అన్నిటికీ తలూపుతోంది తప్ప మాట్లాడటం లేదు. లోలోపల ఎంత మురిసిపోతోందో అనుకుని, సొంత కూతురి మీదే కుళ్లుకున్నాను.

ఒక కాలేజీ లోపలే చర్చి ఉంది. దాని గుమ్మంలో పొడవాటి నల్లంగీ వేసుకున్న పెద్దాయన నిలబడి ఉన్నాడు. నల్లంగీ, నెరిసిన తల, చర్చి గుమ్మం. ఇంకేం కావాలి? ప్రైజ్ ద లార్డ్ పాస్టర్ అని చేతులు జోడించి, అమ్మాయిని ముందుకు తోసి, దీని చదువు కోసం ప్రార్థన చేయమని అడిగాను. అది సిగ్గుతో చచ్చిపోయింది.

ఆయన పాస్టరు కాదట, లెక్కల ప్రొఫెసరట. ఇక్కడ వేడుకలకి అందరూ అలాంటి అంగీలే వేసుకుంటారట. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం నవ్వలేదు. ప్రార్థన తనకి చేతకాదు గానీ ఒక ప్రశ్న అడుగుతానని అమ్మాయి వైపు తిరిగాడు.

“నీకు ఇక్కడికి రావాలని ఉందా?”

ఇన్నాళ్లలో ఆ మాట దాన్ని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అమ్మాయి నా వంక చూసి తల దించుకుంది. “నో. సారీ మమ్మీ. ఐ వాంట్ టు స్టే ఇన్ కార్క్.”

అమ్మయ్య అని పైకే అనేశాను. గుండెల మీద నుంచి ఎంత బరువు దిగిందో నాకే తెలుసు.

“మరి ముందే చెప్పొచ్చుగా తల్లీ?”

నువ్వు ఆంటీలందరికీ చెప్పుకుని మురిసిపోతుంటే ఎలా చెప్పనంది, ఇంగ్లీషులోనే. పెద్దాయన మా ఇద్దరికీ తల వంచి మెల్లగా తప్పుకున్నాడు. పొద్దున కట్టుకొచ్చిన పులిహోర డబ్బా అప్పుడు తీశాం. ఏటి ఒడ్డున బెంచీ మీద కూర్చుని ఒక్క మెతుకు మిగల్చకుండా తినేశాం. మళ్లీ విమానం ఎక్కేదాకా కాళ్ల నొప్పి నాకు గుర్తే రాలేదు.

ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచాను. అమ్మాయి కార్క్‌లోనే చదువుతుందనగానే అందరూ జాలిగా చూశారు. దేవుని చిత్తం అమ్మా అని వెనక వరస ఆంటీ నన్ను ఓదార్చబోయింది. దేవుడు ప్రార్థన విన్నాడని చెప్పి కూర్చున్నాను. ఎవరి ప్రార్థనో చెప్పలేదు. ఆమెన్ మాత్రం ఆ రోజు అందరికంటే గట్టిగా అన్నాను.