గోడకెక్కిన బొంత

నా మతిమరుపుకు మందు దొరికిందనుకున్నాను. వారం తిరక్కుండానే ఆ మందు నన్ను వియ్యపురాలి ముందు నవ్వులపాలు చేసింది.

మా బిడ్డకు కొడుకు పుట్టాడు. తొట్టెలలో వేసే నాటికి పిల్లవాడి కింద పరవడానికి బొంత కుట్టాలి. అందులో అమ్మమ్మవి, నాయనమ్మవి పాత నూలు చీరలు రెండూ కలవాలని మా ఇండ్లలో పట్టింపు. బోధన్ నుంచి మా వియ్యపురాలు తన తల్లి పెట్టిన చీర చెంగు కత్తిరించి పంపింది. పసుపు రంగు, ఎర్ర అంచు.

"పైలం వదినె, అమ్మ గుర్తు అదొక్కటే మిగిలింది" అని ఫోన్లో మరీ మరీ చెప్పింది.

ఇదివరకు ముక్కలు మంచం మీద పరిచి చూసుకునేదాన్ని. అన్నం తిని వచ్చేసరికి ఏది ఎక్కడ పెట్టాలనుకున్నానో గుర్తుండేది కాదు. ఈలోపు ఎవరో ఒకరు ఫ్యాన్ వేస్తారు, ముక్కలన్నీ మంచం కిందికి పోతాయి. మొన్న ఒక వీడియో చూశాను. గోడకు నూగున్న దుప్పటి బిగిస్తే బట్ట ముక్కలు దానికి వాటంతటవే అతుక్కుంటాయట. డిజైన్ వాల్ అంటారట. ఇంకేం, నా బదులు గోడే గుర్తు పెట్టుకుంటుంది.

మా ఆయన సుత్తె పట్టుకుని స్టూలెక్కాడు. కుట్టు మిషన్ గదిలో ఖాళీ గోడ ఒక్కటే ఉంది, దాని నడుమ సామాను పెట్టుకునే చిన్న గూడు.

"ఏమే, నడుమ గూడు మూతపడుతది చూడు."

"పడనియ్యి. అండ్ల ఏమున్నది?"

ఆయన గూడు మీదుగానే దుప్పటి పరిచి మేకులు కొట్టాడు.

నా చీరల ముక్కలు గోడ మీద ముచ్చటగా నిలిచాయి. నడుమ చోటు బోధన్ చీరకని వదిలాను. తీరా తెద్దామని పోతే ఆ ముక్క లేదు. బీరువాలో లేదు, పరుపు కింద లేదు. బియ్యం డబ్బాలో కూడా చెయ్యి పెట్టి చూశాను. పైలంగా పెట్టినట్టు గుర్తుంది, ఎక్కడ అన్నది తుడిచేసినట్టు పోయింది. మా పెద్దక్క చివరి రోజుల్లో నన్నే "ఎవలమ్మా నువ్వు" అని అడిగింది. నాకూ అదే గతేమోనన్న భయం బయటపడకుండా మా ఆయన మీద పడ్డాను.

"స్కూటర్ తుడ్వనీకి తీస్కున్నవా?"

"నీ ముక్కల జోలికి నేనెన్నడన్న వచ్చిన్నా?"

అప్పుడే ఫోన్ మోగింది. వియ్యపురాలు.

"వదినె, నా ముక్క పెట్టినవా?"

నోటికొచ్చింది అనేశాను. "సక్కగ నడుమనే ఉన్నది వదినె."

"అయితే రేపు వచ్చి చూస్త."

మర్నాడు బెల్లం ముద్దతో దిగింది. నేను ముందే నా పాత పసుపు జాకెట్టు కత్తిరించి నడుమ అతికించి ఉంచాను. ఎర్ర అంచు కనబడక ఆమె దగ్గరికి పోయి, తడిమి చూద్దామని చెయ్యి ఆనించింది. చెయ్యి మోచేయి దాకా లోపలికి పోయింది. తూలిపడబోయి దుప్పటి పట్టుకుంది. మేకులు ఊడి, దుప్పటీ ముక్కలూ అన్నీ ఆమె నెత్తి మీద.

వెనక గూడు బయటపడింది. అందులో కవర్లో చుట్టిన ఎర్ర అంచు చెంగు, దాని మీద వారం నుంచి కనబడని నా కళ్ళద్దాలు.

"గీడ ఎందుకు పెట్టినవ్ వదినె?"

"మర్సిపోవద్దని."

గడప దగ్గర నుంచి మా ఆయన అన్నాడు. "అండ్ల ఏమున్నది అంటివి గదా."

వియ్యపురాలు నెత్తి మీది జాకెట్టు ముక్క తీసి నా చేతిలో పెట్టింది. "మర్సిపోతే మర్సిపోయినవ్ గని వదినె, అబద్ధమైతే ఆడలే. నడుమనే ఉన్నది" అని, నవ్వు ఆపుకోలేక కింద కూలబడింది. నా భయం కూడా ఆమెతో పాటే కూలబడింది.

ఇప్పుడు దుప్పటి మళ్ళీ గోడకెక్కింది. ఈసారి గూడు కనబడేటట్టు నడుమ కిటికీలాగా కత్తిరించాను. ఆ కత్తెర ఎక్కడ పెట్టానో మాత్రం అడక్కండి.