తెర మీద రెబ్కా చేతులు

సినిమావాళ్ళని నమ్మి రెబ్కా మునిగిపోయిందని మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. సినిమావాళ్ళు పన్నెండు రోజులు ఉంటామన్నారు, పన్నెండు రోజులే ఉన్నారు. పడగొట్టిన దడి మళ్ళీ కట్టించి మరీ వెళ్ళారు. రెబ్కా గొంతు కోసింది వాళ్ళు కాదు. ఎవరో ఊరందరికీ తెలుసు, కానీ ఎవరూ పేరెత్తరు. ఆ ఇంటి మజ్జిగ తాగని మనిషి ఊళ్ళో ఉంటే కదా, పేరెత్తడానికి!

తుళ్ళూరు నుంచి అమరావతి వెళ్ళే రోడ్డు మీద క్రైస్తవుల పేటలో మొదటి ఇల్లు రెబ్కాది. నీలం రంగు తలుపు, వాకిట్లో రాతి రోలు, ఆ పక్కనే మిరపకాయలు ఆరబోసే కళ్ళం. భర్త బాలస్వామి పోయి ఎనిమిదేళ్ళు. పిల్లలు లేరు. ఏటా మాఘమాసం వచ్చేసరికి పేటలో ఇంకో అయిదుగురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని గుంటూరు వెళ్ళేది. మూడు నెలలు అక్కడి మిరప గోడౌన్లలో కూర్చుని తాలుకాయలు, అంటే రంగు పోయిన కాయలు, ఏరాలి. మూతికి ఎన్ని గుడ్డలు చుట్టుకున్నా ఆ ఘాటు ఆగేది కాదు. ఉగాది దాటాక ఇల్లు చేరితే శ్రావణం దాకా దగ్గే. "ఒక్క ఏడు ఆ గోడౌను మొహం చూడకుండా గడవనీ తండ్రీ" అని ఆమె చేసే ప్రార్థన పేటలో పసిపిల్లలకి కూడా కంఠతా వచ్చు.

రెండువేల రెండు ఫిబ్రవరిలో, రెబ్కా ఇంకా గోడౌనుకి బయల్దేరకముందే, సినిమావాళ్ళు వచ్చారు. నీలం తలుపు, ఎదురుగా ఎర్రటి కళ్ళం చూసి డైరెక్టరు అక్కడే కుర్చీ వేసుకున్నాడు. కథలో హీరోయిన్ రైతు కూతురు. రోట్లో పండుమిరపకాయలు దంచుతూ పాట పాడాలి. పాపం ఆ పిల్ల నాలుగు పోట్లు వెయ్యగానే చేతులు మండి ఏడుపు లంకించుకుంది. పక్కన కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్న రెబ్కా మీద డైరెక్టరు చూపు పడింది.

"నువ్వు దంచమ్మా. చేతులు మాత్రం తీసుకుంటాం" అన్నాడు.

గాజులు మార్చి, మోచేతుల దాకా హీరోయిన్ జాకెట్టు రంగు గుడ్డ తొడిగారు. రోకలి పైకి లేచి కిందికి దిగేలోపల ఎడమచేత్తో కాయల్ని లోపలికి తోస్తూ రెబ్కా దంచుతుంటే, యూనిట్ వాళ్ళందరూ పని మానుకుని చూశారు.

దసరాకి సినిమా విడుదలైంది. బ్రహ్మాండంగా ఆడింది. కార్తీకమాసంలో అమరేశ్వరుడి దర్శనానికి పోయే జనం పేట దగ్గర జీపులు ఆపడం మొదలుపెట్టారు. "ఇదేనా ఆ నీలం తలుపు?" అంటూ దిగేవాళ్ళు. మొదట్లో రెబ్కా మంచినీళ్ళిచ్చింది. తర్వాత జొన్నరొట్టె మీద పండుమిరప పచ్చడి వేసి పెట్టింది. జనం కళ్ళనీళ్ళు కారుస్తూ తిని, జాడీలు అమ్ముతావా అని అడిగారు. ఇంకేం, అయిదుగురు ఆడవాళ్ళూ పనిలోకి దిగారు. ఒకరు పొయ్యి దగ్గర, ఒకరు చింతపండు ఈనెలు తీస్తూ. అందరికన్నా చిన్నది దేవకుమారి, కాయలు తుడుస్తూ పాటలు పాడేది. తెర మీద చేతులు రెబ్కావేనని తెలిశాక కాలేజీ పిల్లలు ఆ చేతులు పట్టుకుని ఫొటోలు దిగేవాళ్ళు.

మజ్జిగ మాత్రం శివపార్వతి ఇంటి నుంచి వచ్చేది. ఆమె మోతుబరి చెంచురామయ్య భార్య, రోడ్డుకి అవతల పెద్ద పెంకుటిల్లు. రెబ్కా, ఆమె ఒకే ఏడాది ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చారు. ఒకరిది చేను, ఒకరిది కూలి. అయినా బాలస్వామి పోయినప్పుడు మూడు రోజులు పేటలోకి వచ్చి రెబ్కా పక్కన కూర్చున్న రైతు ఆడమనిషి శివపార్వతి ఒక్కతే. ఆ మూడు రోజుల్ని రెబ్కా జన్మలో మర్చిపోలేదు. కొంప ముంచింది ఆ మర్చిపోకపోవడమే.

జనవరిలో గుంటూరు నుంచి సంజీవరావని బస్సులు నడిపే ఆయన కబురు పంపాడు. ప్రతి ఆదివారం నలభై మందిని అమరావతి తీసుకెళ్తాను, మధ్యాహ్న భోజనం ఆ నీలం తలుపు దగ్గరే పెట్టిస్తాను అన్నాడు. రెబ్కాకి కాళ్ళు నేల మీద ఆగలేదు. అది కుదిరితే గోడౌను పీడ శాశ్వతంగా వదిలినట్టే. కానీ నలుగురిలో మాట్లాడాలంటే ఆమెకి నాలుక మడతపడుతుంది.

"మీరు మాట్లాడండి పార్వతమ్మగారూ. వచ్చినవాళ్ళకి కథ కూడా మీరే చెప్పాలి. మీరైతే చక్కగా చెబుతారు" అంది.

"అదెంత పని రెబ్కా. నేనున్నానుగా" అంది శివపార్వతి.

హీరోయిన్ ఏడవడం, గాజులు మార్చడం, ఎడమచేత్తో తొయ్యడం, అన్నీ రెబ్కా పూసగుచ్చినట్టు చెప్పింది. శివపార్వతి కొడుకు శ్రీకృష్ణ వచ్చి, రెబ్కా తల వంచుకుని దంచుతుండగా ఫొటో తీసుకుపోయాడు. ఆ వారమే గోడౌను మేస్త్రి రంజాన్ ఎప్పట్లాగే పేర్లు రాసుకోవడానికి వచ్చాడు.

"ఈ ఏడు మేం రాం రంజాన్ భాయ్. వేరేవాళ్ళని చూసుకో" అంది రెబ్కా. ఆ మాట అనడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది ఆమెకి.

మొదటి బస్సు ముందురోజు సాయంత్రం శివపార్వతే కబురు పెట్టింది. "మీ రేకులిల్లు ఎండకి కాగిపోతుంది, జాడీలు మా పెంకుటింట్లో పెట్టు. బస్సు పన్నెండింటికి గానీ రాదు. నువ్వు నిశ్చింతగా ఆరాధన చూసుకుని రా."

ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమంటే, ఏనాడూ లేవని రెబ్కా లేచి నిలబడింది. దేవుడు తన మొర విన్నాడని, శివపార్వతి గారి రూపంలో సాయం పంపాడని, ఆమెని చల్లగా చూడమని చెప్పి కూర్చుంది. పాస్టర్ గారు ఆమెన్ అన్నారు. పేటంతా ఆమెన్ అంది.

పదకొండున్నరకి బయటికొస్తే బస్సు అప్పటికే వచ్చి ఉంది. పేట ముందు కాదు, చెంచురామయ్య ఇంటి ముందు. వాళ్ళ వీధి తలుపుకి కొత్తగా నీలం రంగు వేశారు, ఇంకా వాసన పోలేదు. వాకిట్లో కొత్త రోలు. పందిట్లో జనం వరసగా కూర్చుని రెబ్కా జాడీల్లోని పచ్చడి తింటున్నారు. మధ్యలో పట్టుచీరలో శివపార్వతి.

"ఆ పిల్లకి చేతులు మండిపోయాయండి. నువ్వు దంచమ్మా అన్నాడు డైరెక్టరు. గాజులు మార్చి..." అంటూ రెండు చేతులూ ముందుకి చాపింది. ఎవరో ఆడపిల్ల ఆ మెత్తటి చేతులు పట్టుకుని ఫొటో దిగింది.

రెబ్కా పందిరి గుంజ పట్టుకుని నిలబడిపోయింది. సంజీవరావు ఆమెని చూసి ఎవరో వచ్చినామె అనుకుని చేతికో రంగుల కాగితం ఇచ్చాడు. దాని మీద రెబ్కా ఫొటోయే. ఆమె మిషన్ బళ్ళో అయిదు దాకా చదివింది. కూడబలుక్కుని చదివింది. 'శ్రీమతి శివపార్వతి గారి ఇంట పనిచేయు స్త్రీ.'

"ఈ ఇంట్లో నేనెప్పుడు పనిచేశానండీ?" అంది. మెల్లగానే. అయినా అందరూ తల తిప్పారు.

శివపార్వతి గబగబా లేచి ఆమెని గోడ చాటుకి లాక్కుపోయింది. "నా మాట విను రెబ్కా. పేటలో ఇల్లని తెలిస్తే సగం మంది భోజనానికి దిగరంట. సంజీవరావు గారే అన్నారు. నేనేం చెయ్యను?"

"నాలుగు నెలల్నించి నా చేతి రొట్టె తిన్నవాళ్ళు ఎవరండీ? ఒక్కరు దిగనన్నారా?"

శివపార్వతి తల దించుకుని చీర అంచు సర్దుకుంది. "ఆదివారం ఆదివారం వచ్చి అందరి ముందూ దంచు. కూలి ఇస్తాను. మీ అయిదుగుర్ని కూడా తీసుకురా, అందరికీ పనుంటుంది."

"మీ చేలో కూలి చేశాను, ఏనాడూ చిన్నతనం అనుకోలా" అంది రెబ్కా. "నా చేతులకి నన్నే కూలికి పిలుస్తున్నారు. ఆ మూడు రోజులు మా ఇంట్లో కూర్చున్నది మీరేనా పార్వతమ్మగారూ?"

జాడీలు కూడా అడక్కుండా వచ్చేసింది. రెండు రోజులు నీలం తలుపు తెరవలేదు. మూడోనాడు దేవకుమారి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పిల్లలున్నారక్కా. గోడౌనుకి పోతే వాళ్ళని ఎవరు చూస్తారు? ఇక్కడైతే..." అని ఆగిపోయింది.

"వెళ్ళు. నేనేమీ అనుకోను" అంది రెబ్కా. అనుకుంది. కానీ ఆ పిల్ల మొహం చూసి ఇంకో మాట అనలేకపోయింది. వారం తిరక్కుండా మిగతా నలుగురూ అదే గుమ్మంలో నిలబడి అదే మాట చెప్పి వెళ్ళారు.

జీపులు కూడా రోడ్డుకి అవతలి నీలం తలుపు దగ్గరే ఆగుతుంటే, మార్చి మొదట్లో రెబ్కా గుంటూరు బస్సెక్కింది. గోడౌను గేటు దగ్గర రంజాన్ తల అడ్డంగా ఊపాడు. ఏరుడు పనికి మనుషులు నిండిపోయారు, ఖాళీ బస్తాలు దులిపే పని ఒక్కటే మిగిలింది. అక్కడ ఘాటు రెండింతలు, నెల ఆగితే చూద్దామన్నాడు. రెబ్కా ఆగనంది.

"ఒక్కదానివే వచ్చావేం? నీ అయిదుగురేరి?" అని అడిగాడు రంజాన్.

"వాళ్ళకి ఊళ్ళోనే పని దొరికింది భాయ్" అంది రెబ్కా, మూతికి గుడ్డ చుట్టుకుంటూ.