నా కాళ్లు ఆగిన చోటు

నా చిన్నప్పుడు అన్నాల దగ్గర మా తాత ఒకటే కథ చెప్పేవాడు. మనోళ్లు రాజు సైన్యం వెంట ఉత్తరం నుంచి అరవనాట ఉండే ఈ ధర్మపురి సీమకు దిగినారట. మన రాజ్యం దక్షిణానికి పెరగాలని దేవుడే రాసిపెట్టినాడట. మనోళ్ల కాలు పడిన నేలంతా మనదైందట. రాజ్యం పోయి ఎన్నో తరాలైనా ఆ రాత చెరిగిపోలేదని తాత నమ్మకం. వింటా ఉంటే నాకు ఒళ్లు పులకరించేది.

నల్లంపల్లి పక్కన మా మెట్టచేనికి ఆనుకొని ఎవరికీ పట్టా లేని పోరంబోకు నేల ఉండేది. మేకలు మేపుకునే ఒక ముసలమ్మ అక్కడ గుడిసె వేసుకొని చాలా కాలంగా బతుకుతా ఉండేది. అరవం మాట్లాడేది. పిల్లలమంతా ఆమెను అరవంలోనే పాటి, అంటే అవ్వ, అని పిలిచేవాళ్లం.

ఒక ఎండాకాలం పొద్దున తాత నన్ను చేనికి తీసుకపోయి, "నడువు తల్లీ, నీ కాళ్లు ఎక్కడ ఆగితే అక్కడిదాకా మనదే" అన్నాడు. నేను మురిసిపోతా నడిచినాను. పాలేర్లు హద్దురాళ్లు మోసుకొని నా వెనక వచ్చినారు. ఎండకు నా నోరు ఎండిపోయింది. అది చూసి పాటి నన్ను పిలిచి, గుడిసె నీడలో కూర్చోబెట్టి, లోటా నిండా మజ్జిగ కలిపిన రాగంబలి ఇచ్చింది. నేను తాగుతా ఉండగానే, నా కాళ్లు ఆగింది అక్కడేనని తాత గుడిసెకు అవతల రాయి పాతించినాడు.

పాటికి సంగతి తెలిసేసరికి పాలేర్లు మేకల దడి పీకుతా ఉన్నారు. ఆమె ఏడవలేదు. "మీరూ ఎక్కడినుంచో వచ్చినోళ్లే కదా సామీ. అప్పుడు ఇక్కడున్నోళ్లు ఏమైనారు?" అని అరవంలో అడిగింది.

తాత నవ్వినాడు. "వాళ్ల పేర్లు ఎవరికన్నా గుర్తుండాయా? నీదీ అంతే."

పాటి నా చేతిలోని లోటా మెల్లగా తీసుకొని, కడిగి, మూటలో పెట్టుకొని, మేకలను తోలుకొని హరూర్ దిక్కుగా పోయింది. ఇంటికి వచ్చి ఆమె పేరేమిటని అందరినీ అడిగినాను. ఒక్కరికీ తెలియలేదు. ఆ పొద్దు అన్నాల దగ్గర తాత తన కథలో నన్ను కూడా చేర్చి చెప్పినాడు. అందరూ నా తల నిమిరినారు. నేను కంచం పక్కకు జరిపి లేచినాను.

మొన్న మా మనవడు ఫోన్లో ఒక పటం చూపించినాడు. చుట్టుపక్కల దేశాలన్నిటికీ మన దేశం రంగే పూసినారు. "ఇదంతా ఒకరోజు మనదే అవుతుంది అవ్వా, అది మన దేశం రాత" అన్నాడు.

"అక్కడ ఈ పొద్దు ఎవరు అన్నం వండుకుంటా ఉండారురా?" అన్నాను. వాడు విసుగ్గా చూసి ఫోను తీసుకొని పోయినాడు.

చిన్నప్పటి నుంచి నాతో ఉండేది పాటి అడిగిన ఆ ప్రశ్న ఒకటే. మనవడిని నేను అడిగిందీ అదే.