బైండరు బాబాయి కోసిన అంచులు

మా బాబాయివి ఎప్పుడు చూసినా గమ్ము చేతులే. భోజనానికి కూర్చునే ముందు ఎంత తోమి కడిగినా గోళ్ల సందుల్లో తెల్లటి పొర మిగిలిపోయేది. వీధిలో అందరూ బైండరుగారు అనేవాళ్లు. ఇంట్లో పిల్లలం గమ్ము బాబాయి అనేవాళ్లం. ఆ పేరు ఆయనకు నచ్చేది కాదు గానీ పిలిస్తే పలికేవాడు.

ఆయన మా పిన్ని భర్త. చిన్నప్పుడు చదువు కోసం నేను వాళ్లింట్లోనే ఉండేదాన్ని. సందు మొదట్లో ఉన్న ప్రెస్సులో వెనక గది ఆయనది. చక్రం తిప్పితే కత్తి దిగే కటింగ్ మిషను, కుట్టుకోవడానికి ఒక బల్ల, మూలన స్టవ్వు మీద గమ్ము గిన్నె. కొన్న గమ్మంటే ఆయనకు ఒళ్లు మంట. మైదా నీళ్లలో కలిపి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి తనే చేసుకునేవాడు. ఆ గిన్నె మీద ఎవరైనా చెయ్యి వేస్తే మాత్రం ఇంతెత్తున లేచేవాడు. మిగతా విషయాల్లో అంత మెత్తని మనిషిని నేను చూడలేదు.

ఆయనకు రెండు పట్టుదలలు ఉండేవి. మొదటిది, తను కుట్టే కాగితాలు చదవడు. ముప్పై ఏళ్లలో ఎన్ని వేల పుస్తకాలు కుట్టాడో, ఒక్కదానిలో ఒక్క పేజీ చదివిన పాపాన పోలేదు. "చదువుతూ కూర్చుంటే పని సాగదమ్మాయ్. అయినా ఒకరి కాగితాలతో మనకేం పని?" అనేవాడు. రెండోది, కుట్టిన ప్రతి పుస్తకాన్నీ మూడు పక్కలా కోయాల్సిందే. కోత పడందే అది పుస్తకం కాదు, కాగితాల కట్ట అని ఆయన లెక్క. కోసిన అంచు మీద బొటనవేలు రాసి, గరుకు తగలకపోతేనే పక్కన పెట్టేవాడు.

అలా కోయగా రాలిన ముక్కలన్నీ ఒక గోనెసంచిలో పోగయ్యేవి. ఏడాది చివరి సెలవులకు వారం ముందు ఆ సంచి ఇంటికి వచ్చేది. ఇక మా ముందు గది గదిలా ఉండేది కాదు. వేలెడు వెడల్పు ముక్కలతో ఉంగరంలో ఉంగరం దూర్చి గొలుసులు అంటించేవాళ్లం. అట్ట కాగితాన్ని మడిచి, మడత వైపు నుంచి గాట్లు పెట్టి, విప్పి గుండ్రంగా చుడితే లాంతరు. చదరపు కాగితాన్ని మూడు మడతలు వేసి ఒక్క కత్తెర వేటుతో నక్షత్రం. "మడత మీద గరిటె కాడతో రుద్దు. మడత సరిగ్గా ఉంటే మిగతాదంతా అదే వస్తుంది" అని ఆయన వెనక నుంచుని చెబుతూనే ఉండేవాడు. బజారులో మెరుపు కాగితాల గొలుసులు బోలెడు దొరికేవి. వాటి వంక చూసి ముఖం అదోలా పెట్టేవాడు. మా ఇంట్లో కట్టగా మిగిలిన గొలుసులు మేడ మీద ఇంటావిడకీ, ఎదురుగా ఉన్న సెలూన్‌కీ వెళ్లేవి.

గొలుసులు అందరికీ. బహుమతి మాత్రం మనిషికొకటి, వాళ్ల కోసమే కుట్టిన చిన్న పుస్తకం. దర్జీకి కొలతలు రాసుకోవడానికి పొడుగుది, నాకు చేతిసంచిలో పట్టేంతది. పిన్ని వాళ్లమ్మకు, అంటే మా అమ్మమ్మకు, ఏటా ఒకటి పార్సెల్‌లో వెళ్లేది; ఒక ఏడు అడ్రసులు రాసుకునేది, ఇంకో ఏడు పద్దులు రాసుకునేది.

మా అమ్మమ్మ హెడ్‌మాస్టరుగా చేసి రిటైరైంది. మనుషులకు కూడా మార్కులు వేసేది. బైండింగు పని చేసే అల్లుడు ఆమె లెక్కలో ఎన్నడూ పాసవలేదు. పార్సెల్ వెళ్లిన పది రోజులకు బాబాయి పిన్నిని అడిగేవాడు, "మీ అమ్మగారేమన్నారు?" అని. పిన్ని, "బాగుందంది" అనేది. అది అబద్ధమని ఆయనకు తెలుసు, తెలుసని పిన్నికీ తెలుసు. అయినా ఏటా అడిగేవాడు.

అమ్మమ్మకు ఫోనంటే గిట్టదు. ఉత్తరమే రాసేది. కాగితం అంతా నిండాక, చెప్పాల్సిన అసలు సంగతి అప్పుడు గుర్తొచ్చేది కాబోలు, కాగితాన్ని అడ్డంగా తిప్పి చివరి అంచున చీమల బారులా ఒక్క వరుస రాసేది. పైన రాసిందంతా ఊళ్లోవాళ్ల సంగతులు, సలహాలు, దెప్పిపొడుపులు. అంచున రాసిందే కూతురికి. 'గొడుగు మరిచిపోకు.' 'పెళ్లి ఫోటోలో ఏడుపు ముఖం పెట్టావు, నవ్వేది ఇంకోటి పంపు.' ఇలాంటివి. ఆ అంచులన్నీ పిన్నికి కంఠతా వచ్చు.

ఒక్కటి తప్ప. ఆమె రాసిన ఆఖరి ఉత్తరంలో, 'ఆ అతుకుల పని మానేసి ఏదైనా ఉద్యోగం చూసుకోమను' అని మళ్లీ పాత పాటే ఉంది. పిన్నికి చిర్రెత్తుకొచ్చి, అంచు తిప్పి చూడకుండానే ఉత్తరాన్ని డబ్బాలో పడేసింది. నాలుగు రోజులకు అమ్మమ్మ పోయింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లు పిన్ని ఆ అంచు చదవలేదు. అందులో ఇంకో తిట్టు ఉంటే భరించలేను, మంచిమాట ఉంటే అసలే భరించలేను అనుకుందట. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. నాకు తెలిసింది ఇప్పుడు చెప్పబోయే సెలవు రోజు పొద్దున్నే.

ఆ ఏడు నాకు కొత్తగా ఒక క్లినిక్‌లో ఉద్యోగం దొరికి, మళ్లీ పిన్ని వాళ్లింట్లోనే ఉండేదాన్ని. సెలవులకు ముందు పిన్ని మా అమ్మ దగ్గరకు పది రోజులు వెళ్లింది. ఆమె అటు వెళ్లగానే బాబాయి బీరువాలోంచి ఉత్తరాల డబ్బా తీశాడు.

"మీ పిన్నికి ఈసారి ఇవి పుస్తకంగా కుట్టి ఇస్తా. డబ్బాలో పడి మడతల దగ్గర చిరిగిపోతున్నాయి. ఏమంటావ్?"

"బ్రహ్మాండంగా ఉంటుంది బాబాయ్" అన్నాను. నా నోటి పుణ్యం.

ముప్పై ఎనిమిది ఉత్తరాలు. ఎంత జాగ్రత్తగా చేశాడో చెప్పాలి. ఒక్కొక్క ఉత్తరాన్నీ బరువు కింద పెట్టి మడతలు పోగొట్టాడు. చిరుగుల వెనక పల్చటి కాగితం అంటించాడు. కుట్టు కింద అక్షరాలు పోకుండా ఎడమ పక్కన ప్రతి కాగితానికీ విడిగా పట్టీ అతికించాడు. ఇంత చేసినా ఒక్క వాక్యం చదవలేదు. పెళ్లాం ఉత్తరాలైనా సరే, ఎవరి కాగితాలు వాళ్లవే. కాగితాలు తలో సైజూ ఉన్నాయని కట్టను సమంగా తట్టి మిషను కింద పెట్టి, పైనా కిందా వెంట్రుకవాసి, కుడిపక్కన వేలెడు మేర కోసేశాడు. బొటనవేలు రాసి చూసుకున్నాడు. ముదురు నీలం బట్టతో అట్ట కట్టి నా చేతికిచ్చాడు. అంత అందమైన పుస్తకం ఆయన చేతుల్లోంచి అంతకుముందు రాలేదు.

రాలిన ముక్కలు ఎప్పటిలాగే సంచిలోకి పోయాయి. సంచి ఎప్పటిలాగే ఇంటికొచ్చింది. ఆ ఏడు గొలుసులు అంటించింది నేను. ముక్కలు మరీ పొడుగ్గా ఉన్నాయని, ఉంగరాలు చిన్నవైతే ముద్దుగా ఉంటాయని ప్రతి ముక్కనూ మధ్యకు కత్తిరించాను. వాటి మీద ఏదో రాసి ఉందని చూడకపోలేదు. కానీ ప్రతి ఏడూ ఎవరివో రిజిస్టర్లు, ఎవరివో పరీక్ష పేపర్ల అంచులు ఉంటూనే ఉంటాయి. రాత లోపలికీ, తెల్లటి వైపు బయటికీ పెట్టి అంటించడం మాకు అలవాటు. అలాగే చేసి, రంగు ఉంగరాల మధ్య ఒక్కొక్కటిగా కలిపేశాను.

సెలవు రోజు పొద్దున పిన్ని పొట్లం విప్పింది. నీలం అట్ట చూసి నవ్వింది. తెరిచి, తల్లి చేతిరాత చూసి, "ఎంత పని చేశారండీ" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. బాబాయి గోడకు ఆనుకుని నుంచున్నాడు, ఆయన సంతోషం అంతా ఎర్రబడ్డ చెవుల్లో కనిపిస్తోంది. పిన్ని ఒక పేజీ తిప్పింది. పుస్తకాన్ని అడ్డంగా పట్టుకుంది. ఇంకో పేజీ తిప్పి, మళ్లీ అడ్డంగా పట్టుకుంది.

"అంచున రాసినవేవీ?"

"ఏ అంచున?" అన్నాడు బాబాయి.

పిన్ని గబగబా చివరి పేజీకి వెళ్లింది. వేలితో కుడిపక్క తడిమింది. నున్నగా ఉంది. అప్పుడు కూలబడి, తొమ్మిదేళ్లుగా కడుపులో దాచుకున్నది మొత్తం మా ముందు చెప్పేసింది. కేకలు వేయలేదు. వేసుంటే మాకు కాస్త తేలిగ్గా ఉండేది.

బాబాయి ఆ నున్నటి అంచు మీద బొటనవేలు రాసి చూశాడు. "కోశానే... నేనే కోశాను" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "సంచిలో ముక్కలేం చేశావమ్మాయ్?" అన్నాడు.

నేను పైకి చూశాను. ఇద్దరూ చూశారు. నాలుగు మూలల నుంచీ గది మధ్యకు గొలుసులు వేలాడుతున్నాయి.

బల్ల ఎక్కి అన్నీ దింపాం. బాబాయి తడిగుడ్డ, సన్నటి కత్తి తెచ్చుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మైదా గమ్ము నీళ్లకు లొంగుతుంది. అతుకు మీద తడిగుడ్డ కాసేపు అద్ది, కత్తి మొన దూర్చి ఉంగరం విప్పడం, పిన్నికి అందించడం. ఆమె చదివి జత కలపడం. 'గొడుగు' ఒక ఉంగరంలో, 'మరిచిపోకు' ఇంకో ఉంగరంలో దొరికాయి. తను మరిచిపోని మాటలే అవన్నీ, పిన్ని మొదటి సగం చూడగానే రెండోది ఏమిటో చెప్పేసేది. ఆఖరి ఉత్తరాన్ని గుర్తు పట్టడం కష్టం కాదు, అదొక్కటే ఆకుపచ్చ ఇంకుతో రాసింది.

పదకొండు గంటలకు ఆకుపచ్చ ముక్క ఒకటి దొరికింది. పిన్ని పైకే చదివింది.

"అల్లుడు కుట్టి పంపిన అడ్రసుల పుస్తకం నాలుగేళ్ల నుంచి..."

అంతే. అక్కడ నా కత్తెర పడింది.

బాబాయి తలెత్తలేదు. "పనికి రాకుండా పడి ఉందని రాసుంటారు" అన్నాడు. ఎగతాళిగా కాదు, మామూలుగా, తెలిసిన విషయం చెప్పినట్టు. ఆ క్షణంలో నాకు, ఎప్పుడో పోయిన అమ్మమ్మ మీద కూడా కోపం వచ్చింది.

ఇంట్లో ఉంగరాలన్నీ అయిపోయాయి. రెండో ఆకుపచ్చ ముక్క లేదు. మేడ మీదావిడ తన గొలుసు ఇచ్చింది, అందులోనూ లేదు. ఇక మిగిలింది సెలూన్. సెలవు కావడంతో కిటకిటలాడుతోంది. పిన్ని, నేను లోపలికి వెళ్లి గొలుసు కావాలంటే సెలూన్ ఆయన కత్తెర ఆపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఇచ్చిన బహుమతి అదే రోజు వెనక్కి తీసుకునే ఇల్లు మీదొక్కటేనమ్మా" అన్నాడు.

"రేపు దీనికి రెండింతలు అంటించి తెస్తాను అన్నయ్యా, ఇప్పటికి ఇచ్చెయ్" అంది పిన్ని. ఆమె గొంతు విని ఆయన ఇంకేం హాస్యమాడలేదు. సగం గడ్డం గీయించుకున్న మనిషి కుర్చీలోంచి లేచి నిలబడితే, ఆ కుర్చీ ఎక్కి తనే దింపి ఇచ్చాడు.

ఇంటికొచ్చి వాకిట్లోనే కూర్చున్నాం. గొలుసు మధ్యలో, ఒక ఉంగరం లోపల ఆకుపచ్చగా కనిపించింది. బాబాయి తడిగుడ్డ తీసుకుని, ఆగి, పక్కన పడేశాడు. తడి తగిలితే ఆ ఇంకు పాకుతుందని మొదటి ముక్క దగ్గరే చూశాడు. పొడి కత్తితోనే అతుకును పొరలుగా చీల్చాడు. కాగితం చిరగలేదు. విప్పిన ముక్కను వెనక్కి తిప్పి, తను చూడకుండా పిన్నికి అందించాడు.

పిన్ని చదువుకుంది.

"చదవండి" అంటూ ఆయన ముందు పెట్టింది.

"నేనెందుకు? నీ ఉత్తరం."

"నాది కాదండీ. ఇది మీకు రాసింది. నేనే తొమ్మిదేళ్లు తొక్కిపెట్టాను" అని, రెండు ముక్కలూ పక్కపక్కన పట్టుకుని పిన్నే చదివింది. "అల్లుడు కుట్టి పంపిన అడ్రసుల పుస్తకం నాలుగేళ్ల నుంచి రోజూ తిరగేస్తున్నా. ఒక్క కాగితం ఊడలేదు. అతనితో చెప్పు."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడం దేనికి. బాబాయి ఏడవలేదు. కత్తి మడిచి నేల మీద పెట్టాడు. గమ్ము వేళ్లు పంచెకు తుడుచుకున్నాడు. ఎప్పుడూ ఒకరి కాగితం వంక చూడని మనిషి, పిన్ని చేతిలోని ఆకుపచ్చ అక్షరాల వైపే చూస్తున్నాడు.

"ఇంకోసారి చదువు" అన్నాడు.