జర్దా డబ్బాలో రెండో కార్డు

ముందు జర్దా డబ్బా గలగలలాడేది. ఆ తర్వాతే నూర్ మొహమ్మద్ కనబడేవాడు. డబ్బాలో ఉండేది జర్దా కాదు, గోరంత మెమరీ కార్డులు. ఆయన పిచ్చి ఒక్కటే: లోకంలో ప్రతి వస్తువుకూ రెండోది ఉండాలి. జేబులో రెండు పెన్నులు, సంచిలో రెండు గొడుగులు. టీ కొట్లో రెండు టీలు చెప్పి, ఒకటి తాగి, రెండోది చల్లారేదాకా కాపలా కాసేవాడు.

గురజాల డయాలిసిస్ సెంటర్లో కంప్యూటర్లు చూసేది ఆయనే. రోగుల వివరాలన్నీ సర్వర్ లోపలి డిస్కుల్లో ఉంటాయి. పొద్దున్నే ఆ సర్వర్‌ను లేపడానికి మాత్రం ఒక మెమరీ కార్డు పెట్టాడు.

"దాని మీద ఇంకేం రాయబాకు బేటీ. ఊరికే రాస్తా ఉంటే అరిగి చచ్చిద్ది. నిద్రలేపే కోడిచేత అరక లాగిస్తామా?" అని రిసెప్షన్‌లో కూర్చునే ఖదీజాకు వారానికి రెండుసార్లు చెప్పేవాడు. సరిగ్గా రెండుసార్లు. అలాంటిదే రెండో కార్డు చేసి, అవసరానికి దాచమని ఆమెకే ఇచ్చాడు.

నిరుడు ఆయన కిడ్నీలు పోయాయి. అదే సెంటర్లో మూడో మంచం ఆయనదైంది.

"ఒకటన్నా మిగల్లేదా చాచా?" అంది ఖదీజా.

"తప్పు నాదేలే. ఒకటి దాచుకోకుండా రెండూ ఒకేసారి వాడేశా."

నీరు పట్టిన పాదాలకు చెప్పులు ఎక్కేవి కావు. అయినా రెండు జతలు తెచ్చేవాడు.

ఒక సోమవారం సర్వర్ లేవలేదు. రెండు నెలలుగా రోజువారీ రిపోర్టులన్నీ ఖదీజా ఆ కార్డు మీదే సేవ్ చేస్తోంది. తెర మీద మొదట కనబడేది అదే మరి. వరండాలో ఏడుగురు, ఊపిరి అందక గోడకు ఆనుకుని ఉన్నారు. ఎవరి ఒంట్లోంచి ఎంత నీరు తీయాలో సర్వర్‌కే తెలుసు. వివరాలు చూడకుండా ఎవరికీ మెషీన్ పెట్టొద్దని డాక్టరు ఫోన్లో చెప్పాడు. మేనేజర్ ఆనంద్ ఆమె వంకే చూస్తున్నాడు. ఉద్యోగం పోవడం ఖాయం. మనుషులు పోకుండా ఉంటే చాలు.

గలగల. ఎనిమిదో రోగి వచ్చాడు.

"రెండోది ఏదీ బేటీ?"

ఖదీజా తన ఫోన్ చూపించింది. చెల్లెలు ఉజ్మా పెళ్లి ఫొటోలకు చోటు చాలక, ఆయనిచ్చిన రెండో కార్డును చెరిపేసి అందులో వేసుకుంది.

"నా కార్డు నాకియ్యి." దాన్ని లాక్కుని డబ్బాలో పడేశాడు. ఆ ఫొటోలు ఇంకెక్కడా లేవు. అడిగే మొహం ఆమెకు లేదు.

డబ్బా అడుగు నుంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. లోపల మూడో కార్డు. పొట్లం మీద ‘ఖదీజా’ అని రాసి ఉంది.

"నా పేరెందుకు చాచా?"

"నిన్ను చూశాకే మూడోది చేశా."

పావుగంటలో సర్వర్ లేచింది. "పాత కార్డు తగిలించా, తప్పు నాదే" అని ఆనంద్‌తో అబద్ధమాడి, ఏడుగురినీ ముందు పంపి, పొద్దు వాలాక తన మంచమెక్కాడు.

నెల తిరక్కముందే ఆయన్ని గుంటూరు తీసుకెళ్లారు. మళ్లీ రాలేదు. ఆ రోజు అంబులెన్సు దాకా ఖదీజా వెంట నడిచింది. డబ్బా ఆమె చేతిలో పెట్టి, తలుపు మూసేలోగా అన్నాడు:

"మీ ఉజ్మా పెళ్లి ఫొటోలు అందులోనే ఉన్నాయి బేటీ. రెండు కార్డుల మీద ఎక్కించా. ఒకటి నువ్వు ఫోన్లో పెట్టుకో. రెండోది మాత్రం ముట్టుకోబాకు."